చేతిలో రాయి

మా నాన్న కుడి చెయ్యి ఇప్పుడు ఎప్పుడూ పిడికిలే. పొద్దున్నే స్నానం చేయించే ముందు ఆ పిడికిలిని విప్పడం నా పని. ముందు మణికట్టును కిందికి వంచాలి, అప్పుడు వేళ్లు కాస్త వదులవుతాయి. చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కో వేలినీ లేపుతూ లోపల తడిగుడ్డతో తుడిచి, పౌడరు అద్ది, చుట్టిన గుడ్డ ఉండ ఒకటి పెట్టి వదిలేస్తాను. వదలగానే వేళ్లు మళ్లీ మూసుకుంటాయి. గోళ్లు వారానికి రెండుసార్లు తీయకపోతే అరచేతిలో గుచ్చుకుని పుండు పడుతుంది. గాలి తగలని ఆ అరచేతికి ఒక వాసన ఉంది. ఎంత సబ్బు పెట్టినా పోదు.

చూడవచ్చినవాళ్లు పక్షవాతం కదా, అంతేలే అనుకుంటారు. కొందరికి చెయ్యి తిరిగి రాదమ్మా అని డాక్టరూ అన్నాడు. కానీ ఇది తిరిగి రావడం మొదలుపెట్టిన చెయ్యి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక రాతి పెచ్చును ఎత్తిన చెయ్యి. అది నాకు తెలుసు, మా నాన్నకు తెలుసు. ఆ చెయ్యి మళ్లీ ఎందుకు మూసుకుపోయిందో కూడా మా ఇద్దరికీ తెలుసు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

మా నాన్న రాతి గోడలు కట్టే మేస్త్రి. సిమెంటు లేకుండా, మట్టి కూడా లేకుండా, చెక్కని రాళ్లను ఒకదానితో ఒకటి కుదిర్చి కట్టే గోడలు. మా పల్నాట్లో ఎక్కడ తవ్వినా రాయే కాబట్టి చేలకీ దొడ్లకీ ఒకప్పుడు ఇవే గోడలు. గురజాల చుట్టుపక్కల ఊళ్లలో ఆయన కట్టినవి ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. బస్సులోంచి చూసి కూడా నేను గుర్తుపడతాను. రాయికీ రాయికీ మధ్య వేలు దూరదు.

పని మొదలుపెట్టే ముందు ట్రాక్టరు దించిన కుప్పను నేలంతా పరిపించేవాడు. చుట్ట వెలిగించుకుని ఆ రాళ్ల మధ్య అటూ ఇటూ తిరిగేవాడు. చూసేవాళ్లకు ఆయన పని ఎగ్గొడుతున్నాడనిపించేది. ఒక ఆసామి అయితే ఆ మాటే అని తిట్టాడు కూడా. తీరా పని మొదలయ్యాక, గోడలో ఎక్కడైనా వంకర ఖాళీ వస్తే వెనక్కి తిరక్కుండానే, "ఆ ముక్కు రాయి అందుకో, వేపచెట్టు కాడ ఉంది" అనేవాడు. ఆ రాయి అక్కడే ఉండేది, ఆ ఖాళీలో అచ్చంగా కూర్చునేది.

ఆయనకొక కట్టుబాటు ఉంది. పని నేర్పిన పెద్దమేస్త్రి నుంచి వచ్చిందట. చేతికెత్తిన రాయిని తిరిగి నేల మీద పెట్టకూడదు. కుదరకపోతే తిప్పి చూడాలి, అంచు కాస్త సుత్తెతో కొట్టి చూడాలి, అయినా కుదరకపోతే దాన్ని పట్టుకునే గోడ పొడవునా నడిచి, దాని చోటు వెతికి పెట్టాలి. అందువల్ల చేతిలో రాయి ఉన్నంతసేపూ ఆయన ఎవరికీ పలికేవాడు కాదు. అమ్మ క్యారేజీ తెచ్చి పిలిస్తే, "ఆగు, రాయి చేతిలో ఉంది" అనేవాడు. "ఆ రాయినే పెళ్లాడకపోయావా, అదే వండి పెట్టేది" అనేది అమ్మ. అమ్మ వాళ్ల నాన్న పోయాడన్న కబురొచ్చినప్పుడు కూడా చేతిలో ఉన్న రాయి పెట్టాకే గోడ దగ్గర్నుంచి కదిలాడని అమ్మ తను పోయేదాకా దెప్పుతూనే ఉంది.

అమ్మ పోయాక నాన్న మా దగ్గరికి వచ్చేశాడు. నేను గురజాల రోడ్డులో ఒక ఊరి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన నడికుడిలో రైల్వే ఉద్యోగి. పిడుగురాళ్ల శివార్లలో ఇల్లు కట్టుకుని, ప్రహరీ సిమెంటు ఇటుకలతో పెట్టిద్దామనుకున్నాం. నాన్న ఒప్పుకోలేదు. "మేస్త్రి కూతురింటికి ఇటుక గోడా? నలుగురూ ఉమ్మేస్తారే" అన్నాడు. ఆ వయసులో వద్దని నేను, కట్టుకోనీ మనకేంది అని మా ఆయన. చివరికి నాన్న మాటే నెగ్గింది. మూడు వైపులా ఒక్కడే కట్టాడు. నాలుగోది వీధి వైపు. గేటుకు ఎడమ పక్కన ఒక మంచం పొడవంత మిగిలింది.

ఆ రోజు పొద్దున వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. రాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని ఒక రాయి ఎత్తాడు, లేచి నిలబడ్డాడు. రాయి చేతిలోంచి జారి కింద పడింది. ఆయన ఇంకా పడలేదు, మాట వంకరపోలేదు, నిలబడే ఉన్నాడు. కానీ మా నాన్న చేతిలోంచి రాయి పడగా నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చేతిలో గరిటె వదిలేసి పరిగెత్తాను. నేను వెళ్లేసరికి ఆయన కింద పడిన రాయి వైపు చూస్తూ, నోరు ఒక పక్కకు లాగేసి, అలాగే ఒరిగిపోతున్నాడు.

నరసరావుపేట ఆస్పత్రిలో కొన్నాళ్లున్నాం. ప్రాణానికి భయం లేదన్నారు. కాలు కొంత వచ్చింది, కర్ర పట్టుకుని వసారా దాకా నడిచేవాడు. మాట నెమ్మదిగా వచ్చింది. తిరిగి వచ్చిన మాటల్లో నాకు అర్థమైన మొదటిది గోడ గురించే.

"గోడ... ఎవర్నీ... ముట్టుకోనీబాక. నేనే కడతా."

"కడుదువులే నాన్నా. ముందు చెయ్యి రానీ" అన్నాను.

ఆ మాట ఆయన పట్టుకున్నాడు. మా ఇంట్లో అందరికీ అదే లక్ష్యమైపోయింది. చెయ్యి రావాలి, ఆ మిగిలిన గోడ ఆయనే కట్టాలి. వసారాలో ఆయన మంచం వేసిన చోటు నుంచి ఆ ఖాళీ, దాని పక్కన మిగిలిపోయిన రాళ్లూ కనిపిస్తాయి. మంచం లోపలికి మారుస్తానంటే ఒప్పుకునేవాడు కాదు.

చుట్టాలు ఒక్కొక్కరూ ఒక్కో వైద్యం పట్టుకొచ్చారు. పావురం రక్తం రాయమన్నారు. మాచర్ల అవతల ఎవరో పసరు పోస్తారన్నారు. పాస్టరుగారు వచ్చి ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు ప్రార్థన చేశారు. పావురం మాట ఎత్తిన మా పెద్దమ్మను నేను ఎగతాళి చేశాను. చదువుకున్నదాన్ని కదా. "పావురాన్ని చంపితే చెయ్యి వచ్చేటట్టయితే, కోడిని తిన్నోళ్లకి రెక్కలు రావాల పెద్దమ్మా" అన్నాను. ఆమె చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు అనిపిస్తుంది, పావురం రక్తం రాసినా ఆ చెయ్యిని రోజూ ఎవరో ఒకరు రుద్ది ఉండేవాళ్లు.

నేను ఫిజియోథెరపీ అమ్మాయిని పెట్టాను. వారానికి మూడు రోజులు స్కూటీ మీద వచ్చేది. చిన్న పిల్ల, కానీ గట్టి పిల్ల. మొదటి రోజే నాన్న ఎడమ చేతికి దిండు గలీబు తొడిగి మణికట్టు దగ్గర ముడి వేసింది.

"బాగున్న చెయ్యి ఖాళీగా ఉంటే, బాగాలేని చెయ్యి పని చెయ్యదు మేడమ్. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు దీన్ని కట్టెయ్యాలి. ఏడ్చినా విప్పొద్దు. ఈ మొదటి నెలలే మనకి ముఖ్యం" అంది. తాతగారు ఏం పని చేసేవాళ్లని అడిగింది. చెప్పాను. "అయితే రాళ్లే ఎత్తిద్దాం" అంది.

గోడ సందుల్లో దోపడానికి పనికొచ్చే చిన్న చిన్న రాతి పెచ్చులు కుప్ప దగ్గర బోలెడున్నాయి. ఒక టబ్బు నిండా ఏరుకొచ్చాను. ఆ టబ్బులోంచి ఒక్కో పెచ్చూ కుడి చేత్తో ఎత్తి పళ్లెంలో వెయ్యాలి. అంతే పని. మొదటి రెండు వారాలూ ఆ వేళ్లు పెచ్చుల మీద ఊరికే పాకాయి. ఆ తర్వాత ఒక పొద్దున బొటనవేలు కదిలి చూపుడువేలి దగ్గరికి వచ్చింది. వాటి మధ్య ఒక పెచ్చు ఇరుక్కుంది. పైకి లేచింది. పళ్లెం అంచుకు తగిలి కింద పడింది, అయినా సరే, లేచింది. నేను వీధిలో వాళ్లకు వినపడేలా అరిచాను. నాన్న ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. సాయంత్రం మా ఆయన స్వీటు తెచ్చాడు.

అదే ఆ చెయ్యి చేసిన గొప్ప పని. దాని తర్వాత రోజుకు నాలుగు పెచ్చులు, ఆరు పెచ్చులు, ఎనిమిది. ఎత్తినవాటిలో సగం పడిపోయేవి. నాకు ఎనిమిది కనపడేవి. ఆయనకు పడిపోయినవే కనపడేవి. ఎత్తిన రాయి కింద పెట్టని మనిషి చేతిలోంచి గోరంత పెచ్చులు రాలిపోతుంటే ఆయన మొహం ఎలా ఉండేదో నేను చెప్పలేను. గలీబులో ఉన్న ఎడమ చేత్తో టబ్బును నెట్టేసేవాడు. "విప్పవే. దొంగోణ్ణి కట్టేసినట్టు కట్టావు. విప్పు!" అని అరిచేవాడు. నేను విప్పేదాన్ని కాదు. కొన్నాళ్లు.

ఇక ఆట సంగతి.

ఆ ఆట నాకు అంతకు ముందే అంటుకుంది. అంటుకున్న తీరు చెప్పుకుంటే సిగ్గు. పదో తరగతి పిల్ల ఒకతి క్లాసులో బల్ల కింద ఫోను పెట్టుకుని ఆడుతుంటే లాక్కుని, నాలుగు చీవాట్లు పెట్టి, స్టాఫ్ రూముకు తెచ్చి నా ముందు పెట్టుకున్నాను. తెర ఇంకా వెలుగుతోంది. గళ్ల పలక ఒకటి. కింద మూడు రంగు ముక్కలు. ఒకటి నిలువు కడ్డీ, ఒకటి చదరం, ఒకటి మోచేతిలా వంగింది. వాటిని వేలితో లాగి పలక మీద ఖాళీల్లో కుదర్చాలి. ఒక వరస పూర్తిగా నిండితే అది మాయమై చోటు ఖాళీ అవుతుంది. ముక్క పెట్టడానికి చోటు లేకపోతే ఆట ముగిసినట్టు. ఏముంది ఇందులో, ఈ పిల్ల బుర్ర పాడు చేసుకోవడానికి అనుకుంటూ ఒక ముక్క పెట్టాను. ఆ చదరానికి సరిగ్గా చదరమంత చోటు ఉంటే ఎవరైనా పెడతారు. గంట కొట్టాక ఆ పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడి, "మేడమ్, నా ఫోను" అంటే, "ఒక్క నిమిషం ఉండమ్మా" అన్నాను. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. ఆ సాయంత్రం బస్సులోనే నా ఫోనులో ఆ ఆట పెట్టుకున్నాను.

పిల్లలకు మత్తు పదార్థాల గురించి పాఠం చెప్పినదాన్ని, కాబట్టి ఈ మత్తు ఎలాంటిదో నిజాయితీగా చెప్పాలి. గెలవడంలో లేదు అది. గెలవడమన్నది ఆ ఆటలో లేనే లేదు, ఎంత ఆడినా చివరికి ఓడిపోవడమే. మత్తంతా కుదరడంలో ఉంది. బతుకులో ఏదీ ఏ మూలకూ కుదరని రోజున, ఒక వంకర ముక్క ఒక వంకర ఖాళీలోకి టక్కుమని దిగుతుంది చూడండి, అప్పుడు గుండెలో ఎక్కడో ఒక చిన్న బరువు దిగుతుంది. వెంటనే ఇంకో ముక్క వస్తుంది. దీన్ని పెట్టి ఆపేద్దామనుకుంటాం. పెట్టాక పక్కన ఒక గడి మిగులుతుంది. ఆ ఒక్క గడీ అలా వదిలేసి లేవడం మనిషి వల్ల కాదు, కనీసం నా వల్ల కాలేదు. కళ్లు మూసినా గళ్లే. క్లాసులో బెంచీల మధ్య ఖాళీ చూస్తే ఏ ముగ్గురు పిల్లల్ని జరిపితే నిండుతుందా అని లెక్క వేసేదాన్ని. ఫ్రిజ్‌లో గిన్నెలు సర్ది తలుపు వేసి, మళ్లీ తీసి ముచ్చటగా చూసుకునేదాన్ని.

స్కూళ్లు తెరిచాక ఒక ఆదివారం. చర్చి నుంచి వచ్చి, నాన్న ఎడమ చేతికి గలీబు కట్టి, టబ్బు ముందు పెట్టి, మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఆయన పెచ్చులు ఎత్తడం లేదు. నేనూ గదమాయించడం మానేసి ఫోను తీశాను. కాసేపటికి చెవి దగ్గర ఆయన ఊపిరి తగిలింది. మెడ చాచి చూస్తున్నాడు.

"అది... ఆడ కాదమ్మా. ఈ పక్కన పెట్టు" అన్నాడు గడ్డంతో చూపిస్తూ.

పెట్టాను. రెండు వరసలు ఒకేసారి నిండి మాయమయ్యాయి. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"గోడ యాడికి బొయ్యింది?"

"నిండితే పోద్ది నాన్నా. అదే ఆట."

"నిండిన గోడ పోవటం ఏందే? ఖాళీలున్నది మిగిలిద్దా? ఇదేం పని, ఉల్టా పని" అన్నాడు. ఛీ అని మొహం అటు తిప్పుకున్నాడు. రెండు నిమిషాలకు మళ్లీ ఇటు తిరిగి, "ఏదీ, ఇంకోటి పెట్టు చూద్దాం" అన్నాడు.

నా బుర్రలో అప్పుడే దీపం వెలిగింది. రాళ్లు కుదిర్చే మనిషికి ముక్కలు కుదిర్చే ఆట. కుడి చూపుడువేలితో తెర మీద లాగితే అదీ వ్యాయామమే కదా, పైగా ఆయన సంతోషంగా చేస్తాడు. ఫిజియో అమ్మాయికి చెబితే, "కుడి చేత్తో అయితే మంచిదే మేడమ్. కుడి చేత్తోనే" అంది. రెండోసారి ఆమె ఎందుకు అందో నాకు బాగా తెలుసు.

కుడి వేలు తెర మీద వణికేది. ముక్క ఒక గడి ఇవతలే జారిపోయేది, పలక పాడైపోయేది. ఒకసారి నిలువు కడ్డీ కోసం ఎదురుచూసి, ఎదురుచూసి, అది వచ్చాక తప్పు చోట పడింది. నాన్న నా వైపు చూశాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

"ఈ ఒక్క ముక్కా ఎడం చేత్తో పెడతానే. ఒక్కటే."

గలీబు ముడి నేనే విప్పాను. బడలికగా ఉంది నాకు. స్కూలు, వంట, ఆయన అరుపులు, నెలల తరబడి ఇదే. ఒక్క ముక్కే కదా అనుకున్నాను. ఒక్క ముక్కే అనుకోవడం నాకు అప్పటికే అలవాటు.

ఆ వానాకాలం మా ఇల్లు ప్రశాంతంగా ఉంది. నా పాత ఫోను ఆయనకిచ్చాను. గలీబును ఉతికి దిండుకు తొడిగేశాను. టబ్బు బాత్రూములోకి వెళ్లింది. సాయంత్రం నేను స్కూలు నుంచి రాగానే, "ఎంతొచ్చిందే నీకు?" అని అడిగేవాడు. నా స్కోరు చెబితే ఆయన తనది చూపించి నవ్వేవాడు. నోరు ఒక పక్కకే నవ్వేది, కానీ నవ్వు. లెక్కల టీచరును ఆయన రోజూ ఓడించేవాడు. ముక్క కనపడగానే ఆయన కన్ను పలకంతా ఒక్కసారి తిరిగి వచ్చేది, ఒకప్పుడు రాళ్ల మధ్య చుట్ట కాలుస్తూ తిరిగినట్టే. వసారాలో ఇద్దరం చెరో ఫోనూ పట్టుకుని కూర్చుని, వాన చూరు నుంచి కారుతుంటే, ఏమీ మాట్లాడుకోకుండా గంటలు గడిపాం. అమ్మ పోయాక నేను నాన్నతో అంత దగ్గరగా ఎప్పుడూ లేను. అవి నా జీవితంలో మంచి రోజులు. ఇప్పుడు నన్ను కోసేది కూడా అదే, అవి మంచి రోజులు.

పక్కింటి అత్త, "మీ నాయన చానా హుషారుగా ఉన్నాడే అమ్మాయ్" అనేది. మా ఆయన మాత్రం, "మీ ఇద్దరికీ ఆ ఫోనే అన్నం పెడుద్దిలే" అని విసుక్కునేవాడు. ఫిజియో అమ్మాయి వచ్చిన రోజున నాన్నకు నీరసమనో, జ్వరమనో చెప్పేదాన్ని. తర్వాత, మేమే చేయించుకుంటాంలేమ్మా అని మానిపించేశాను. ఆ పిల్ల హెల్మెట్ పెట్టుకుంటూ, "గలీబు మానొద్దు మేడమ్" అంది. ఆమె స్కూటీ మలుపు తిరిగేలోపే నేను కుర్చీలో కూర్చున్నాను.

కుడి చెయ్యి ఒళ్లో పడి ఉండేది. దాన్ని ఎవరూ చూడలేదు. వేళ్లు రోజుకు వెంట్రుకవాసి చొప్పున లోపలికి వంగుతూ వచ్చాయి. అలా వంగేది కంటికి ఆనదు. చలికాలం మొదట్లో దుప్పటి మీద రక్తపు చుక్కలు చూసి, ఎక్కడ గీసుకుందా అని వెతికాను. పిడికిలి విప్పబోతే విప్పుకోలేదు. బలవంతాన విప్పితే నాన్న కేక పెట్టాడు. నాలుగు గోళ్లు అరచేతిలో నాలుగు నెలవంకల్లా దిగి ఉన్నాయి.

ఆటోలో ఎక్కించుకుని ఆ అమ్మాయి పనిచేసే చోటికే తీసుకెళ్లాను. ఆమె ఆ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. మణికట్టు వంచి, వేళ్లు ఒక్కొక్కటీ పట్టి చూసింది.

"ఎన్నాళ్లయింది మేడమ్, చేయించక?"

"అప్పుడప్పుడూ చేయిస్తూనే ఉన్నాం..." అని మొదలుపెట్టాను. పిల్లలు హోంవర్కు చేయకుండా వచ్చి నా ముందు ఇలాగే నసుగుతారు.

నాన్న అడ్డొచ్చాడు. "లేదమ్మా. చేయించలా. మేం ఆడుకుంటన్నాం" అన్నాడు. ఆయన గొంతులో తప్పు చేసినట్టు ఏమీ లేదు.

ఆ అమ్మాయి నా వైపు చూడకుండా చెయ్యి తుడిచి, పుండుకు మందు రాసింది. అప్పుడు వచ్చేది ఇప్పుడు రాదు మేడమ్ అంది. ఇంకా బిగుసుకోకుండా చూసుకోవడమే మన చేతిలో ఉందంది. గుడ్డ ఉండ ఎలా పెట్టాలో చూపించింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి రాగానే రెండు ఫోన్లలోంచీ ఆట తీసేశాను. గలీబు తెచ్చి ఎడమ చేతికి కట్టాను. టబ్బులో పెచ్చులు పోసి ముందు పెట్టాను. ఆయన ఆ పిడికిలిని టబ్బులో ఉంచి, అలా కూర్చున్నాడు. అరవలేదు, టబ్బును నెట్టలేదు. మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. గోడ వైపు కూడా చూడలేదు. నాలుగో రోజు నేనే ఆట మళ్లీ పెట్టి ఫోను ఆయన చేతిలో ఉంచాను. నా ఫోనులో మాత్రం పెట్టుకోలేదు అని రాయాలని ఉంది. పెట్టుకున్నాను. మరో రెండు వారాలు ఆగి, స్కూలుకెళ్లే బస్సులో. ఇప్పటికీ ఉంది.

ఒకసారి ఆయన పిడికిలి కడుగుతూ, "నా వల్లే నాన్నా, నీ చెయ్యి పోయింది" అన్నాను. ఎన్నాళ్ల నుంచో కూడబలుక్కున్న మాట. "పొయ్యేది పోద్దిలేమ్మా" అన్నాడు. ఓదార్పో, పట్టనితనమో నాకు తెలియలేదు.

గోడలో ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. కుక్కలు వచ్చేవి. ఒకనాడు ఎవరిదో గేదె దూరి కరివేపాకు మొక్కను మొదలంటా పీకేసింది. "ఇంకెన్నాళ్లే?" అన్నాడు మా ఆయన. నేను నాన్న వైపు చూశాను. ఆయన తిడతాడని, నా గోడ ముట్టుకుంటే ఊరుకోనంటాడని ఆశగా ఎదురుచూశాను. ఆయన కోపం ఒక్కటి మిగిలి ఉన్నా చాలనిపించింది నాకు.

"పిలిపించండి ఎవర్నైనా" అన్నాడు.

వచ్చిన మేస్త్రి ఒకప్పుడు నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు అంతా సిమెంటు పని. మంచం దగ్గరికొచ్చి తలపాగా తీసి, "రాళ్లతో కట్టమంటావా పెద్దాయనా, ఇటుకలా?" అని అడిగాడు. "నీ ఇష్టంరా" అన్నాడు నాన్న. మేస్త్రి నా వైపు చూశాడు. రాళ్లే అన్నాను.

పొద్దుటి నుంచి పని జరిగింది. రాళ్ల మధ్య సిమెంటు కూరుతూ కట్టాడు. కుదరని రాయినల్లా కింద పడేస్తున్నాడు. రాయి నేల మీద పడ్డ ప్రతిసారీ అతను వసారా వైపు దొంగచూపు చూసేవాడు. నేనూ చూసేదాన్ని. ఒకప్పుడైతే ఆ చప్పుడుకు వీధి దద్దరిల్లేలా తిట్టేవాడు నాన్న. ఇప్పుడు ఆయన తల వంచుకుని, ఒళ్లో ఫోను, ఎడమ చూపుడువేలు.

మధ్యాహ్నానికి ఒక్క రాయి చోటు మిగిలింది. మేస్త్రి దానికి సరిపడే రాయి ఏరి గట్టు మీద పెట్టుకుని నన్ను పిలిచాడు. "పెద్దాయన చెయ్యి తగిలిస్తే చాలమ్మా. నేను పట్టుకుంటా" అన్నాడు. మంచి మనిషి. నాకు ఏడుపొచ్చింది.

మంచం దగ్గరికి వెళ్లి, ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

"నాన్నా, గోడ అయిపోయింది. ఆఖరి రాయి. నువ్వే పెట్టాల. లే, నేను పట్టుకుంటాలే."

ఆయన తలెత్తలేదు. వేలి కింద ఒక వంకర ముక్క. దాన్ని పలక పొడవునా నడిపిస్తూ చోటు వెతుకుతున్నాడు.

"ఆగమ్మా" అన్నాడు. "రాయి చేతిలో ఉంది."

మేస్త్రి గోడ దగ్గర నుంచి చూస్తూ కాసేపు ఆగాడు. తర్వాత తనే రాయి పెట్టి, చుట్టూ సిమెంటు కూరి, తాపీ కడుక్కోవడానికి కుళాయి వైపు వెళ్లాడు. ఆ తర్వాత మా నాన్న ముక్కకు చోటు దొరికింది. వరస నిండి మాయమైంది. అప్పుడు తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"ఏందమ్మా, పిలిచావు?" అన్నాడు.